ఎం.ఏ. సైకాలజీలో రీసెర్చ్ మెథడ్స్ ఎలా చదవాలి? లెక్కలు రానివాళ్లు గట్టెక్కగలరా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ డిగ్రీ బీకాం, తెలుగు మీడియం. ఇప్పుడు దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ చేస్తున్నారు. మిగతా పేపర్లు ఇష్టంగానే చదువుతున్నారు కానీ రీసెర్చ్ మెథడ్స్ పుస్తకం తెరిస్తే అన్నీ నిర్వచనాలే కనిపిస్తున్నాయి. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్. పైగా 'విద్యార్థుల ఆందోళనపై సోషల్ మీడియా ప్రభావం' అనే ప్రాజెక్టు చేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, లెక్కలు ఎంతవరకు రావాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. లెక్కలు పదో తరగతి స్థాయిలో వస్తే చాలు. కూడికలు, భాగహారాలు, శాతాలు, వర్గమూలం. మిగతాది కంప్యూటర్ చేస్తుంది. ఇక చదవడం నిర్వచనాలతో మొదలుపెట్టకండి. ఎవరైనా ఒక పరిశోధన ఫలితం చెప్పగానే "ఇలా రావడానికి ఇంకేదైనా కారణం ఉండొచ్చా?" అని అడగడం అలవాటు చేసుకోండి. ఈ పేపర్లో మిమ్మల్ని భయపెడుతున్న పదాలు చాలావరకు ఆ ప్రశ్నలోంచి వచ్చినవే. కంట్రోల్ గ్రూప్, ర్యాండమ్ అసైన్‌మెంట్, కౌంటర్‌బ్యాలెన్సింగ్, డబుల్ బ్లైండ్, ఒక్కొక్కటీ ఒక్కో 'ఇంకో కారణాన్ని' అడ్డుకోవడానికి పెట్టిన ఏర్పాటు. ఏది దేన్ని అడ్డుకుంటుందో తెలిస్తే బట్టీ పట్టాల్సిన భారం సగానికి పైగా తగ్గిపోతుంది.

నేను చాలా ఏళ్లుగా ఈ పేపర్ చెబుతున్నాను, ఎం.ఏ. ప్రాజెక్టులకు గైడ్‌గా ఉంటున్నాను. మాటలకంటే ఉదాహరణలే నయం కాబట్టి రెండు చెబుతాను.

ఒక విద్యార్థిని ప్రాణాయామం వల్ల ఆందోళన తగ్గుతుందా అని చూడాలనుకుంది. పరీక్షలకు వారం ముందు జూనియర్లకు ఆందోళన స్కేలు ఇచ్చింది. నెల రోజులు ప్రాణాయామం చేయించి మళ్లీ అదే స్కేలు ఇచ్చింది. స్కోర్లు బాగా తగ్గాయి. ఆ అమ్మాయికి పట్టరాని సంతోషం. "ఆ నెలలో ఇంకేం జరిగింది?" అని అడిగాను. పరీక్షలు అయిపోయాయి! ప్రాణాయామం చేయకపోయినా ఆందోళన తగ్గేదే. ఇప్పుడు పక్కన ప్రాణాయామం చేయని గుంపు ఒకటి ఉంటే, పరీక్షలు వాళ్లకూ అయిపోయాయి కాబట్టి ఆ కారణం రెండు గుంపుల్లోనూ సమానమవుతుంది. కంట్రోల్ గ్రూప్ పెట్టేది అందుకే. అయితే ఆ రెండో గుంపులోకి "నాకు ఇలాంటివి నచ్చవు" అన్నవాళ్లను వేస్తే? చేస్తామన్నవాళ్లకూ వద్దన్నవాళ్లకూ ముందే స్వభావంలో తేడా ఉంటుంది. అందుకే ఇష్టపడ్డ వాళ్లందరి పేర్లూ రాసి, చీటీలు తీసి రెండు గుంపులుగా విడగొట్టాలి. అదే ర్యాండమ్ అసైన్‌మెంట్.

ఇక్కడే ఒక జాగ్రత్త. పరీక్షల్లో అందరూ తడబడేది ర్యాండమ్ శాంప్లింగ్, ర్యాండమ్ అసైన్‌మెంట్ ఒకటే అనుకోవడంలో. శాంప్లింగ్ అంటే మనుషులను ఎక్కడి నుంచి ఎంచుకున్నాం అన్నది. మన ఫలితం ఎంతమందికి వర్తిస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది. అసైన్‌మెంట్ అంటే ఎంచుకున్నవాళ్లను ఏ గుంపులో వేశాం అన్నది. కారణం గురించి మాట్లాడే హక్కు దాని వల్ల వస్తుంది. ఒకటి ఉండి రెండోది లేకపోవడం మామూలే.

రెండో ఉదాహరణ. హాస్టల్ విద్యార్థులకూ ఇంటి నుంచి వచ్చేవాళ్లకూ ఒంటరితనంలో తేడా చూద్దామని ఒక అబ్బాయి వచ్చాడు. డేటాలో పెద్ద తేడానే ఉంది. ఫారాలు ఎప్పుడు నింపించావని అడిగితే, హాస్టల్‌లో రాత్రి పదింటికి గదిగదికీ తిరిగి నింపించానన్నాడు. ఇంటి నుంచి వచ్చేవాళ్లకు పొద్దున్న క్లాసులో, స్నేహితుల మధ్య ఇచ్చాడు. రాత్రి పదింటికి, అమ్మకు ఫోన్ చేసి పెట్టేశాక ఒంటరితనం గురించి అడిగితే వచ్చే జవాబు వేరు. తేడా హాస్టల్ వల్లా, వేళ వల్లా? ఆ డేటా నుంచి చెప్పలేం. కన్ఫౌండింగ్ అని పుస్తకంలో పేజీన్నర రాసేది ఈ విషయమే. ఆ అబ్బాయి మళ్లీ వెళ్లి రెండు గుంపులకూ ఒకే వేళలో ఫారాలు ఇచ్చాడు. తేడా ఉంది కానీ చాలా చిన్నది.

ఇక స్టాటిస్టిక్స్. పి-విలువ దగ్గరే చాలామంది ఆగిపోతారు. దాన్ని నేను కార్డులతో చెబుతాను. ఆ కార్డుల కథకు మన విశాఖతో సంబంధం ఉంది. 1930లలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ అనే ఆయన, కార్డు చూడకుండానే దాని మీది గుర్తును చెప్పగలమా అని ప్రయోగాలు చేశారు. ఆయనతో కలిసి పనిచేసిన కె. రామకృష్ణారావు గారే తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ (అతీంద్రియ శక్తుల గురించిన పరిశోధన) విభాగాన్ని నెలకొల్పారు. అతీంద్రియ శక్తులున్నాయన్న వాదనను సైకాలజిస్టుల్లో అత్యధికులు ఒప్పుకోరు. కానీ ప్రతి ఫలితాన్నీ లోకం అనుమానంగా చూసే రంగం కావడంతో, పద్ధతుల్లో లొసుగులు ఎక్కడెక్కడ ఉంటాయో నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

మొత్తం 25 కార్డులు. వృత్తం, ప్లస్, అలల గీతలు, చతురస్రం, నక్షత్రం అనే ఐదు గుర్తులు, ఒక్కొక్కటి ఐదేసి కార్డుల మీద. ఊరికే ఊహించి చెబితే సగటున 5 ఒప్పవుతాయి. స్టాండర్డ్ డీవియేషన్ (స్కోర్లు సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ పోతాయో చెప్పే అంకె) కావాలంటే 25ను 1/5తో, 4/5తో గుణించండి, 4 వస్తుంది. దాని వర్గమూలం 2. అంటే ఎక్కువమందికి 3 నుంచి 7 మధ్య వస్తాయి. 9 లేదా అంతకంటే ఎక్కువ ఒప్పు రావడం ఊహతోనే అయితే వందలో ఐదుకు కాస్త తక్కువసార్లు జరుగుతుంది. పి-విలువ అంటే ఇదే: అసలు ఏ శక్తీ, ఏ తేడా లేకపోయినా ఇంత ఫలితం గానీ ఇంతకు మించిన ఫలితం గానీ వచ్చే అవకాశం. 'పరికల్పన నిజమయ్యే అవకాశం' అని రాస్తే తప్పు. మార్కులు పోయేది అక్కడే.

నలభైమంది ఉన్న క్లాసులో ఈ ఆట ఆడిస్తే దాదాపు ఇద్దరికి 9 లేదా అంతకంటే ఎక్కువ రావడం సహజం. క్లాసంతా వాళ్ల వైపు ఆశ్చర్యంగా చూస్తుంది. అప్పుడు అడుగుతాను, ఇంకే కారణం ఉండొచ్చు? జవాబులు వాళ్లే చెబుతారు. కాగితం పలచగా ఉంది, కిటికీ వెలుగులో గుర్తు కనిపిస్తోంది. కార్డు చూస్తున్న స్నేహితురాలి ముఖం మారుతోంది. రాసేవాడు ఒప్పుల వైపు మొగ్గి రాస్తున్నాడు. మొదటిసారి తక్కువ వచ్చిందని లెక్కలోకి తీసుకోకుండా ఇంకోసారి ఆడారు. ఒక్కో జవాబునూ బోర్డు మీద రాసి పక్కన దాని పేరు రాస్తాను. ముఖం కనిపించకూడదు, రాసేవాడికి కార్డు తెలియకూడదు అంటే అది డబుల్ బ్లైండ్. ఎన్నిసార్లు ఆడాలో ముందే రాసి పెట్టాలంటే అది ప్రీరిజిస్ట్రేషన్. తర్వాత ఆ ఇద్దరి చేతే మళ్లీ ఆడిస్తే స్కోరు 5 దగ్గరికి వచ్చేస్తుంది. దాన్ని రిగ్రెషన్ టు ద మీన్ అంటారు. బాగా ఆందోళన ఉన్నవాళ్లనే ఎంచి ఏదో చికిత్స చేసి "తగ్గింది" అనే ప్రాజెక్టుల్లో తగ్గుదల కొంతవరకు ఇదే.

ఇందులో ఇంకో పాఠం ఉంది. ఒకే డేటా మీద, ఏ తేడా లేనిచోట, ఒకదానిపై ఒకటి ఆధారపడని 20 పరీక్షలు చేస్తే ఒక్కటైనా 0.05 కంటే తక్కువ పి-విలువతో (దాన్నే 'సిగ్నిఫికెంట్' అంటారు) రావడానికి 64 శాతం అవకాశం ఉంది. అబ్బాయిలు-అమ్మాయిలు, పల్లె-పట్నం, పెద్దకొడుకు-చిన్నకొడుకు అంటూ వరుసగా టీ-టెస్టులు (రెండు గుంపుల సగటులను పోల్చే పరీక్షలు) చేసి వచ్చిన ఒక్కదాన్ని పట్టుకుని చర్చ రాసేవాళ్లు ఎక్కువ. 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు దీన్ని బయటపెట్టారు. రంగంలో అందరూ మామూలుగా తీసుకునే చిన్న చిన్న వెసులుబాట్లే వాడి, ఒక పాట విన్నవాళ్ల వయసు మరో పాట విన్నవాళ్ల కంటే దాదాపు ఏడాదిన్నర తగ్గిందని 'నిరూపించి' చూపించారు. పాట వింటే వయసు తగ్గదని అందరికీ తెలుసు, కాబట్టి తప్పు పద్ధతిలోనే ఉండాలి. అదే ఏడాది డారిల్ బెమ్ భవిష్యత్తు ముందే తెలుస్తుందంటూ తొమ్మిది ప్రయోగాలతో పేరున్న జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. 2015లో చాలామంది పరిశోధకులు కలిసి 100 అధ్యయనాలను తిరిగి చేశారు. అసలు వ్యాసాల్లో 97 శాతం సిగ్నిఫికెంట్ అని ఉంటే, తిరిగి చేసినప్పుడు 36 శాతమే అలా వచ్చాయి. ఇవి తెలిశాక సైకాలజీ మీద నమ్మకం పోతుందని కొందరు విద్యార్థులు దిగులుపడతారు. నాకు మాత్రం తన తప్పులను తానే ఇంత బహిరంగంగా వెతుక్కున్న రంగం మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు మీ ప్రాజెక్టుకు వద్దాం. ముందు శీర్షిక మార్చండి. 'ప్రభావం' అన్నారంటే కారణం చెప్పగలమని మాట ఇచ్చినట్టే. మీరు చేయబోయేది ఒకేసారి ఫారం నింపించడం. దానితో సంబంధం ఉందో లేదో తెలుస్తుంది, అంతకు మించి తెలియదు. ఫోన్ వల్ల ఆందోళన పెరగొచ్చు. ఆందోళన ఉన్నవాళ్లే నిద్ర పట్టక ఫోన్ పట్టుకోవచ్చు. రిజల్ట్స్ కోసం ఎదురుచూడటం లాంటి మూడోది ఏదో రెండింటినీ పెంచుతూ ఉండొచ్చు. 'సంబంధం' అని పెడితే వైవాలో సగం ప్రశ్నలు తప్పుతాయి, పని కూడా నిజాయితీగా ఉంటుంది.

తర్వాత, 'వాడకం' అంటే ఏమిటో తేల్చుకోండి. రోజుకు ఎన్ని గంటలా? రాత్రి పదకొండు దాటాక ఎంతసేపా? పోస్టులు పెట్టడమా, చూస్తూ పోవడమా? క్లాసు వాట్సాప్ గ్రూపు లెక్కలోకి వస్తుందా? యూట్యూబ్‌లో పాఠాలు? ఆపరేషనల్ డెఫినిషన్ అంటే ఈ తేల్చుకోవడమే. గంటలు అడిగేటప్పుడు గుర్తున్నది రాయమనకండి, జనం అంచనాలు చాలా తప్పుగా ఉంటాయి. ఫోన్ సెట్టింగుల్లో డిజిటల్ వెల్‌బీయింగ్ లేదా స్క్రీన్ టైమ్ తెరిచి గత వారం సగటు చూసి రాయమనండి. ఈ చిన్న మార్పుతో డేటా నాణ్యత బాగా పెరుగుతుంది.

ఆందోళనకు కొత్త ప్రశ్నలు సొంతంగా తయారుచేయకండి. జీఏడీ-7 అనే స్కేలు ఉంది. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 0 నుంచి 21. గత రెండు వారాల గురించి అడుగుతుంది, ఉచితం. 10 లేదా అంతకు మించి వస్తే జబ్బు ఉన్నట్టు రాయకండి. అది స్క్రీనింగ్ మాత్రమే, రోగనిర్ధారణ కాదు. తెలుగులో ఇస్తున్నట్టయితే అది పరీక్షించిన అనువాదమేనా చూసుకుని, అసలు శాంపిల్‌కు ముందు పదిమందికి ఇచ్చి "ఈ వాక్యం మీకేం అర్థమైంది?" అని పక్కన కూర్చుని అడగండి.

ఆత్మగౌరవం కూడా కొలుద్దామని రోజెన్‌బర్గ్ స్కేలు తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. పది వాక్యాల్లో ఐదు వ్యతిరేక దిశలో ఉంటాయి. వాటి స్కోరును తిప్పాకే కూడాలి. క్రోన్‌బ్యాక్ ఆల్ఫా (ప్రశ్నల మధ్య పొందికను చూపే అంకె) 0.2 వచ్చిందనో, మైనస్‌లో వచ్చిందనో కంగారుగా ఫోన్ చేసే విద్యార్థులకు నేను ముందు అడిగేది ఇదే: రివర్స్ ఐటమ్స్ తిప్పావా? చాలాసార్లు సమస్య అక్కడే దొరుకుతుంది. ఆల్ఫా బాగా వచ్చినంత మాత్రాన స్కేలు సరైనదని కాదు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే అది చెబుతుంది. మనం కొలవాలనుకున్నదాన్నే కొలుస్తున్నాయా అన్నది వాలిడిటీ, దానికి వేరే ఆధారాలు కావాలి.

ఎంతమంది కావాలి? 'ముప్పై చాలట' అన్న మాట ఎక్కడి నుంచో ప్రతి బ్యాచ్‌కూ వస్తుంది, నమ్మకండి. కోరిలేషన్ (రెండు కొలతల మధ్య సంబంధం ఎంత బలమైనదో చెప్పే అంకె) 0.3 ఉంటే, దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలంటే సుమారు 85 మంది కావాలి. 0.2 అయితే 190 పైచిలుకు. 0.1 అయితే 780 దాకా. రెండు గుంపుల మధ్య మధ్యస్థాయి తేడా చూడాలంటే గుంపుకు 64 మంది. జీ పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ లెక్క చేసి పెడుతుంది. విశ్లేషణకు జాస్ప్ లేదా జమోవి వాడండి, అవీ ఉచితమే. సూత్రాలు టైప్ చేయనక్కర్లేదు.

గూగుల్ ఫారం లింకును వాట్సాప్ గ్రూపుల్లో వదిలితే వచ్చేది కన్వీనియెన్స్ శాంపిల్, అంటే సులువుగా దొరికినవాళ్లు. తప్పు కాదు, కానీ సోషల్ మీడియా గురించిన ప్రశ్నకు సోషల్ మీడియాలోనే జవాబులు సేకరిస్తే అస్సలు వాడనివాళ్లు మీకు దొరకరు. కొన్ని ఫారాలైనా కాగితం మీద, క్లాసుకు వెళ్లి నింపించండి.

ఇంటర్ విద్యార్థులను తీసుకుంటే 18 ఏళ్లు నిండని వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి, పిల్లల సమ్మతి అదనం. ప్రిన్సిపాల్ సంతకం దానికి బదులు కాదు. ఈ విషయం నేను గట్టిగా పట్టుబడతాను, దీని మీద రాజీ లేదు. ఫారం చివర సహాయం ఎక్కడ దొరుకుతుందో రాయండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ (మానసిక ఆరోగ్య సహాయం) నంబర్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. ఒక పిల్ల మన ఫారం నింపుతూ తన బాధను మొదటిసారి గుర్తించవచ్చు. ఆ తర్వాత ఆ పిల్లను ఒంటరిగా వదిలేయకూడదు.

పరీక్ష సంగతి. మీది ఇగ్నో అయితే రీసెర్చ్ మెథడ్స్ ఎంపీసీ-005, స్టాటిస్టిక్స్ ఎంపీసీ-006. ఆ మెటీరియల్ ఇగ్నో వాళ్ల ఆన్‌లైన్ భాండాగారం ఈ-జ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా ఉంది, వేరే యూనివర్సిటీ వాళ్లకూ పనికొస్తుంది. యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాసే ఉద్దేశం ఉంటే ఈ రెండూ కలిపి అక్కడ ఒక యూనిట్, కాబట్టి శ్రమ వృథా కాదు. ప్రతి డిజైన్‌కూ సొంత ఉదాహరణ ఒకటి తయారుచేసుకోండి. పుస్తకంలోని ఉదాహరణే రాస్తే దిద్దేవాళ్లకు మీకు అర్థమైందో లేదో తెలియదు.

ప్రాక్టికల్ రికార్డును సీనియర్ల దగ్గర కాపీ కొట్టకండి. ముల్లర్-లయర్ ప్రయోగమే చూడండి. ఒకే పొడవున్న గీతలు, చివర్లలో బాణం ములుకులు లోపలికో బయటికో తిరిగి ఉంటే, వేర్వేరు పొడవుల్లా కనిపిస్తాయి. సగం సార్లు గీతను పొడవు నుంచి తగ్గిస్తూ, సగం సార్లు పొట్టి నుంచి పెంచుతూ సరిచేయిస్తాం. కుడి, ఎడమ కూడా మారుస్తాం. ఎందుకని అడిగితే "రికార్డులో అలా ఉంది" అంటారు చాలామంది. చేతి కదలిక అలవాటు వల్ల వచ్చే పొరపాటు ఒకే వైపు పోగుపడకుండా అన్నమాట. కౌంటర్‌బ్యాలెన్సింగ్ మీద మూడు పేజీలు చదివినా ఇంత బాగా ఎక్కదు. ఈ భ్రమనే 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ పరిశోధకుడు డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ నీలగిరుల్లోని తోడా గిరిజనుల మీద పరీక్షించారు. ఇంగ్లిష్‌వాళ్ల కంటే వాళ్లు తక్కువ భ్రమపడ్డారు. కళ్లకు సంబంధించిన విషయమే మనిషి పెరిగిన చోటును బట్టి మారుతుంటే, అమెరికా కాలేజీ విద్యార్థుల మీద వచ్చిన ఫలితాన్ని మన పిల్లలకు నేరుగా అంటగట్టలేం. మీ చర్చ అధ్యాయంలో ఈ కోణం రాయండి, చాలామంది రాయరు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ ప్రాజెక్టు ప్రశ్నను ఒక వాక్యంలో, వాడకాన్నీ ఆందోళననూ ఎలా కొలుస్తారో రెండు వాక్యాల్లో, సంబంధం కనిపిస్తే దానికి ఉండగల ఇతర కారణాలు కనీసం నాలుగు రాసి ఇక్కడే పెట్టండి. మీ గైడ్‌కు చూపించే ముందు నేను ఒకసారి చూసి చెబుతాను.